పాతబడిన రియోహా తెల్ల వైన్: సీసా ఎంచుకోవడం, దాచడం, తెరవడం ఎలా?

"వైట్ వైన్ కొన్నాను. తెరిస్తే తేనె రంగులో ఉంది, అక్రోటు వాసన వస్తోంది. చెడిపోయినట్టేనా? పారబోయాలా?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. సీసా మీద రియోహా అనీ, దాని కింద ఎంతకాలం పాతబెట్టారో చెప్పే రెసెర్వా, గ్రాన్ రెసెర్వా అన్న మాటల్లో ఏదో ఒకటీ ఉంటే తొందరపడకండి. చాలాసార్లు వైన్ బాగానే ఉంటుంది. ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే చిన్న గ్లాసులో పోసి, రెండు నిమిషాల్లో తీర్పు చెప్పేయడమే అసలు పొరపాటు. ఈ వైన్‌ను తెల్ల వైన్‌లా కాకుండా మంచి పాత రెడ్ వైన్‌లా చూసుకోవాలి. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ముందుగా తెలియాల్సింది కొంచెమే ఉంది. రియోహా ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నది వెంట ఉన్న ద్రాక్ష ప్రాంతం. ఉత్తరాన సియెర్రా దె కంతాబ్రియా కొండలు అట్లాంటిక్ చలిగాలిని అడ్డుకుంటాయి. ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు: రియోహా ఆల్తా, రియోహా అలవేసా, రియోహా ఒరియెంతాల్. పాత పద్ధతి తెల్ల వైన్‌కు పేరున్న ఊరు రియోహా ఆల్తాలోని ఆరో (Haro). లేబుల్ మీద ఈ పేరు హెచ్ అక్షరంతో మొదలవుతుంది, పలికేటప్పుడు ఆ హెచ్ వినిపించదు. ప్రధానమైన ద్రాక్ష వియురా. దీనికి సొంత సువాసన తక్కువ, పులుపు మాత్రం నిలుస్తుంది. దానికి మల్వాసియా అనే ఇంకో ద్రాక్ష కొంచెం కలుపుతారు. 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచితే, చెక్క సందుల్లోంచి గాలి చాలా నెమ్మదిగా తగులుతూ వైన్ రంగునీ వాసననీ మారుస్తుంది. ఆ మార్పు కావాలని చేసినదే. 1970ల నుంచి స్టీలు ట్యాంకుల్లో చల్లగా పులియబెట్టిన తేలికపాటి తెల్ల వైన్లు రావడంతో చాలా బోదేగాలు, అంటే వైన్ తయారీశాలలు, ఈ పాత పద్ధతిని వదిలేశాయి. వదలనివి కొన్నే. అందుకే చాలామందికి ఈ రుచి అలవాటు లేదు.

కావలసినవి

- రెండు రేకుల ఓపెనర్. ఒక రేకు పొడుగ్గా, ఒకటి పొట్టిగా ఉంటుంది, మధ్యలో మర ఉండదు. పదిహేనేళ్లు దాటిన సీసాకు ఇది తప్పనిసరి.
- మామూలు మడత కార్క్‌స్క్రూ. మరకు కనీసం 5 చుట్లు ఉండాలి. పొట్టి మర పొడవాటి బిరడాను మధ్యలో తెంపేస్తుంది.
- సన్న రంధ్రాల స్టీలు టీ వడపోత, లేదా పల్చటి నూలు గుడ్డ. గుడ్డకు సబ్బు వాసన ఉండకూడదు. వేడినీళ్లలో రెండుసార్లు జాడించి ఆరబెట్టండి.
- లీటరు పట్టే గాజు జగ్గు. డికాంటర్ కొనాల్సిన పని లేదు.
- వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటరు.
- 400 నుంచి 500 మిల్లీలీటర్లు పట్టే, నోరు కొంచెం ముడుచుకున్న గ్లాసులు.
- సెల్‌ఫోన్ టార్చి, ఐసు, ఒక బకెట్.

1. సరైన సీసాను ఎంచుకోండి

రియోహా నియమాల ప్రకారం తెల్ల వైన్‌కు క్రియాన్సా, రెసెర్వా, గ్రాన్ రెసెర్వా మూడింటికీ పీపాలో కనీసం 6 నెలలు ఉండాలి. మొత్తం వయసు రెసెర్వాకు కనీసం 2 ఏళ్లు, గ్రాన్ రెసెర్వాకు కనీసం 4 ఏళ్లు. ఇవన్నీ కనీస హద్దులే, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రెసెర్వా అన్న మాట చూసి 6 నెలలు మాత్రమే పీపాలో ఉన్న, నిమ్మపండు వాసన వేసే తాజా వైన్ తెచ్చుకుని, ఇందులో పాతదనం ఏదీ అని అడుగుతారు. కాబట్టి వర్గం పేరు కంటే బోదేగా పేరు ముఖ్యం.

ఆరోలో 1877లో మొదలైన లోపెజ్ దె ఎరేదియా అనే బోదేగా ఈ పద్ధతికి పెద్ద దిక్కు. వాళ్ల సీసాల్లో మూడు గుర్తుపెట్టుకోండి. వీన్యా గ్రావోనియా పూర్తిగా వియురా, 4 ఏళ్లు పీపాలో ఉంటుంది, అయినా లేబుల్ మీద క్రియాన్సా అనే ఉంటుంది. వీన్యా తొందోనియా బ్లాంకో (అంటే తెల్లది) రెసెర్వాలో వియురా 90 శాతం, మల్వాసియా 10 శాతం, పీపాలో 6 ఏళ్లు. అది అంగడికి వచ్చేసరికే పదేళ్లు దాటుతుంది. గ్రాన్ రెసెర్వా పీపాలో 10 ఏళ్లు ఉంటుంది. మొదటిసారి కొంటుంటే గ్రావోనియాతో మొదలుపెట్టండి. ధర తక్కువ, పద్ధతి అదే. నచ్చకపోయినా నష్టం తక్కువ.

లోగ్రోన్యో నగరం దగ్గరి మార్కేస్ దె మురియేతా బోదేగా వారి కపెయానియా ఇంకో మంచి ఎంపిక. వీళ్లదే కాస్తియో ఇగాయ్ గ్రాన్ రెసెర్వా ఎస్పెసియాల్. 1986 పంటది 252 నెలలు ఓక్ పీపాలో, ఆ తర్వాత 67 నెలలు కాంక్రీటు తొట్టిలో ఉండి, 2016లో బయటికి వచ్చింది. అలాంటి సీసాను మొదటి ప్రయోగానికి కొనకండి. పోల్చడానికి మనసులో ఒక కొలత ఏర్పడ్డాక తీసుకోండి.

లేబుల్ మీద చూడాల్సినవి:

- సీసా వెనక రియోహా నియంత్రణ మండలి ఇచ్చే నంబరు ఉన్న చిన్న ముద్ర. క్రియాన్సాకు ఎరుపు, రెసెర్వాకు ముదురు ఎరుపు, గ్రాన్ రెసెర్వాకు నీలం. ఆకుపచ్చ ఉంటే అది సాధారణ వర్గం.
- కొసేచా అన్న మాట పక్కన పంట సంవత్సరం.
- సెమిసెకో, సెమిదుల్సే అని ఉంటే అందులో తీపి ఉంటుంది. మనం మాట్లాడుతున్నది తీపి లేని వైన్.

ఏ సంవత్సరం కొనాలని అడిగేవాళ్లకు: 1994, 1995, 2001, 2004, 2005, 2010, 2011 రియోహాలో అధికారికంగా అత్యుత్తమం అనిపించుకున్న పంటలు. కానీ ఆ మార్కులు ఎక్కువగా ఎర్ర వైన్‌ను చూసి వేసినవి. తెల్ల వైన్ విషయంలో సంవత్సరం కంటే సీసా ఇన్నాళ్లూ ఎక్కడ ఉందన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది.

హెచ్చరిక: పీపా మొహం చూడని మామూలు రియోహా తెల్ల వైన్ ఎనిమిదేళ్ల పాతది తక్కువ ధరకు దొరికిందని కొనకండి. పాత సంవత్సరం ఉన్నంత మాత్రాన అది పాతబడే వైన్ కాదు. అది రెండు మూడేళ్లలో తాగడానికి చేసిన సరుకు.

2. కొనే చోటే సీసాను పరీక్షించండి

సీసాను నిలబెట్టి టార్చిని వెనక నుంచి వేయండి. నాలుగు చూడాలి.

మట్టం: పదేళ్ల నుంచి పదిహేనేళ్ల సీసాలో వైన్ మెడ భాగంలోనే ఉండాలి. ముప్పై ఏళ్లు దాటితే మెడ అడుగుకు, భుజం పై అంచుకు దిగినా పర్వాలేదు. భుజం మధ్యకు పడిపోతే వదిలేయండి. బిరడా పట్టు వదిలిందని అర్థం.

రంగు: ముదురు బంగారం, తేనె రంగు, కాషాయం వైపు వెళ్లినా మంచిదే, కాంతి నిగనిగలాడాలి. టీ డికాక్షన్‌లా గోధుమరంగులో మసకగా ఉంటే అనుమానించండి. ఆకుపచ్చ గాజులో రంగు మోసం చేస్తుంది. అదే కంపెనీ, అదే సంవత్సరం సీసాలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి స్పష్టంగా ముదురుగా ఉంటే రెండోదాన్ని తీసుకోండి.

బిరడా: పైకి ఉబికి వచ్చినా, దాన్ని కప్పి ఉండే తొడుగు కింద జిగురు ధారలా కారినా ఎండదెబ్బ తగిలిన సీసా. తొడుగు చేత్తో తిప్పితే తిరగాలి. లోపల కారిన వైన్ ఎండి అంటుకుపోతే తిరగదు. లక్కతో మూసిన సీసాలకు, తొడుగు గట్టిగా బిగించిన కొత్త సీసాలకు ఈ పరీక్ష పనికిరాదు.

మడ్డి: అడుగున గాజుపెంకుల్లాంటి తెల్లటి పలుకులు ఉంటే భయం వద్దు. ద్రాక్షలోని పులుపు గడ్డకట్టి అలా అవుతుంది, హాని లేదు.

అంగడిలో సీసా కిటికీ దగ్గర, లైటు కింద నిలబడి ఉంటే అడిగి లోపలి నుంచి మరొకటి తెప్పించుకోండి. రంగులేని గాజుసీసాకు వెలుగు దెబ్బ ఇంకా త్వరగా తగులుతుంది.

3. ఇంటికి చేర్చండి

స్పెయిన్‌లో గానీ మరే దేశంలో గానీ కొని భారతదేశానికి తెచ్చుకునేవాళ్లు లెక్క ముందే వేసుకోండి. పెద్దవాళ్లు ఒక్కొక్కరికి సుంకం లేకుండా 2 లీటర్ల వరకే అనుమతి. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే. మూడోది పెడితే 2.25 లీటర్లవుతుంది, సుంకం పడుతుంది. సీసాలను చెక్ ఇన్ సామానులో, బట్టల మధ్య, పెట్టె నడిబొడ్డున పెట్టండి. ఒక్కొక్క సీసాను విడిగా రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి. రాష్ట్రం మారేటప్పుడు అక్కడి ఎక్సైజ్ నిబంధన కూడా చూసుకోండి.

విమానం కంటే ప్రమాదకరమైనది కారు డిక్కీ. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎండలో ఆపిన కారు డిక్కీలో రెండు గంటలు ఉంచితే పదేళ్లు జాగ్రత్తగా పాతబడిన వైన్ ఉడికిపోతుంది. ఏసీ వేసిన సీటు దగ్గరే పెట్టుకోండి.

ఇల్లు చేరాక వెంటనే తెరవకండి. కనీసం రెండు వారాలు కదపకుండా ఉంచండి. కదిలిన మడ్డి దిగాలి, వైన్ కూడా స్థిమితపడాలి.

4. నిల్వ

అనువైనది 12 నుంచి 14 డిగ్రీలు, చీకటి, పడుకోబెట్టిన సీసా. వైన్ ఫ్రిజ్ ఉంటే సరే. లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల అర వాడండి, కానీ మూడు నాలుగు నెలలకు మించొద్దు. అంతకాలం ఆ పొడి చలిలో ఉంటే బిరడా ఎండి గాలి లోపలికి వెళుతుంది. రాత్రి ఏసీ, పగలు 36 డిగ్రీలు ఉండే పడకగది పనికిరాదు. స్థిరమైన 20 కంటే రోజూ పెరిగి తగ్గే 20 ఎక్కువ చెరుపు చేస్తుంది. వంటింట్లో అటక మీద అసలే వద్దు.

ఇంకా పాతబడనివ్వాలా అన్న ప్రశ్నకు: అవసరం లేదు. పాతబెట్టే పని బోదేగానే చేసి పంపింది. 13 డిగ్రీల్లో ఉంచగలిగితే తొందోనియా రెసెర్వా ఇంకా ఎన్నో ఏళ్లు నిలుస్తుంది. ఉంచలేకపోతే మొదటి ఎండాకాలం రాకముందే తెరవండి.

5. ఒక రోజు ముందు నిలబెట్టండి

తెరవడానికి 24 గంటల ముందు సీసాను మెల్లగా నిలబెట్టండి. ముప్పై ఏళ్లు దాటితే రెండు రోజుల ముందు. పలుకులు అడుగుకు దిగుతాయి.

6. ఉష్ణోగ్రత సరిచేయండి

గ్లాసులో 12 నుంచి 14 డిగ్రీలు ఉండాలి. 5 డిగ్రీల్లో పోస్తే పులుపు, చెక్క వగరు మాత్రమే తెలుస్తాయి, వాసన ముడుచుకుపోతుంది. 20 దాటితే సారాయి ఘాటు ముందుకొస్తుంది.

- గది 30 డిగ్రీలుంటే, మామూలు ఫ్రిజ్‌లో సుమారు రెండున్నర గంటలు పడుతుంది.
- సగం ఐసు, సగం నీళ్లున్న బకెట్‌లో సుమారు పదిహేను నిమిషాలు చాలు. ఐసు ఒక్కటే వేస్తే గాజుకు సరిగా తగలదు, ఆలస్యమవుతుంది. నీళ్లు తప్పనిసరి.
- ఇప్పటికే ఫ్రిజ్‌లో ఉన్న సీసాను 30 డిగ్రీల గదిలో బయట పెడితే ముప్పావు గంటలో 12 దగ్గరికి వస్తుంది.
- ఫ్రీజర్‌లో పెట్టకండి. మరిచిపోతే బిరడా పైకి తన్నుకొస్తుంది.

ఇవి సుమారు లెక్కలే. పోసిన మొదటి గుక్కలో థర్మామీటరు ముంచి చూడండి. మన గదుల వేడికి గ్లాసులోని వైన్ త్వరగా వేడెక్కుతుంది కాబట్టి ఒక్కోసారి 75 మిల్లీలీటర్లకు మించి పోయకండి, సీసాను 12 డిగ్రీల దగ్గరే ఉంచండి.

7. బిరడా తీయండి

తొందర ఇక్కడే ఖరీదవుతుంది. పాత బిరడా కింది సగం వైన్‌లో నాని మెత్తబడి, పై సగం ఎండి పెళుసుగా ఉంటుంది. మామూలు మరతో లాగితే సరిగ్గా మధ్యలో తెగుతుంది.

తొడుగును మెడ మీది ఉబ్బుకు కింది భాగంలో కోసి తీసేయండి. లక్క ఉంటే కత్తి వెనక వైపుతో మెల్లగా తట్టి పెచ్చులుగా రాల్చండి, వేడి చేయకండి. బిరడా నెత్తి మీద నల్లటి బూజు కనిపిస్తే అది నేలమాళిగ తేమ వల్ల వచ్చినది. తడి గుడ్డతో తుడిస్తే చాలు.

రెండు రేకుల ఓపెనర్ వాడే తీరు: పొడవు రేకును ముందు బిరడాకూ గాజుకూ మధ్య దూర్చండి, తర్వాత పొట్టి రేకు ఎదురు వైపు. నేరుగా కిందికి నొక్కకండి. ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊపుతూ కొద్దికొద్దిగా దించండి. పిడి బిరడాకు తగిలాక ఒకే దిశలో తిప్పుతూ పైకి లాగండి. తిప్పకుండా లాగితే రేకులు ఒట్టిగా ఊడి వస్తాయి.

బిరడా వేలితో నొక్కితే కదిలేంత వదులుగా ఉందా? అప్పుడు రేకులు దాన్ని లోపలికి తోసేస్తాయి. ముందు మరను నిదానంగా దించి బిరడాను పట్టి ఉంచి, దాని పక్కనుంచి రేకులు దూర్చి రెండూ కలిపి తీయాలి. ఈ రెండు పనులూ కలిపి చేసే పరికరాలు కూడా దొరుకుతాయి.

తెగిపోతే: మిగిలిన ముక్కలోకి మరను ఏటవాలుగా దించి, గాజు గోడకు ఆనించి లాగండి. అదీ రాకపోతే లోపలికి తోసేయండి, వెదురుపుల్లతో ముక్కను పక్కకు పట్టుకుని, వడపోత మీదుగా జగ్గులోకి వంచండి. బిరడా పొడి పడిన వైన్ చెడిపోదు.

తీసిన బిరడాను వాసన చూసి తీర్పు చెప్పకండి. బిరడాకు బిరడా వాసనే వస్తుంది. చూడాల్సింది పక్కలు: వైన్ మరక కింది నుంచి పై అంచుదాకా గీతలా పాకి ఉంటే, గాలి లోపలికి వెళ్లి ఉండవచ్చు. ఆ సీసాను ఇంకాస్త జాగ్రత్తగా రుచి చూడండి.

8. మొదటి 30 మిల్లీలీటర్లు

గ్లాసులో రెండు వేళ్ల మందం కూడా వద్దు, కొంచెం పోయండి. తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూడండి. ఒక గుక్క నోట్లో పది సెకన్లు ఉంచండి. ఏం తోచిందో కాగితం మీద రాయండి. ముప్పై నిమిషాలకు, తొంభై నిమిషాలకు మళ్లీ రుచి చూసి, అప్పుడు తోచింది కూడా రాయాలి. ఈ వైన్‌ను తేల్చేది ఒక్క గుక్క కాదు, ఈ మూడు మాటల మధ్య తేడా.

9. గాలి తగలనివ్వండి

- గ్రావోనియా, రెసెర్వా: గాజు జగ్గులోకి వంచి 30 నుంచి 60 నిమిషాలు. టార్చిని సీసా మెడ కింద వెలిగించి, ఒకే ధారలో వంచండి. మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపండి. గంజి వార్చేటప్పుడు మెతుకులు పడకుండా చూసుకునే చెయ్యికి ఈ పని కొత్తేమీ కాదు.
- పాతికేళ్లు దాటిన గ్రాన్ రెసెర్వా: జగ్గులో పోయకండి. బిరడా తీసి సీసాలోనే అరగంట ఉంచి, గ్లాసులోకి నేరుగా వంచండి. గ్లాసులో అది తనంతట తాను విచ్చుకుంటుంది.
- ఏది వర్తిస్తుందో తేల్చుకోలేకపోతే రెండో పద్ధతే. గాలి తర్వాతైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన గాలిని వెనక్కి తీసుకోలేం.

10. చెడిపోయిందా, దాని తీరే అంతా?

ఉండాల్సిన వాసనలు: అక్రోటు, బాదం, తేనె, తేనెమైనం, ఎండిన కమలాతొక్క, చామంతి, కొంచెం కొబ్బరి. కొబ్బరి, వెనిలా వాసన అమెరికన్ ఓక్ నుంచి వస్తుంది. వీటితో పాటు మెంతులు దోరగా వేయించినప్పటి కమ్మటి చేదు వాసన ఒకటి తగలవచ్చు. అది ఊహ కాదు. గాలితో నెమ్మదిగా పాతబడిన వైన్‌లో పుట్టే సోటోలోన్ అనే పదార్థమే మెంతులకు ఆ వాసన ఇస్తుంది. మన వంటింట్లో పెరిగిన ముక్కుకు ఇది పట్టుకోవడం తేలిక.

ఉండకూడనివి:

తడిసిన అట్టముక్క, వాన నీటికి ముక్కిన గోనెసంచి. బిరడా నుంచి వచ్చే దోషం ఇది. గాలి తగిలేకొద్దీ పెరుగుతుంది. తేనె, పండు వాసనలు పూర్తిగా మాయమవుతాయి. తాగితే హాని లేదు, కానీ బాగుపడదు. సీసాలో కనీసం సగం వైన్, బిరడా అలాగే ఉంచి అంగడికి తిరిగి ఇవ్వండి.

గోళ్ల రంగు లేదా వెనిగర్ ఘాటు. ఏళ్ల తరబడి పీపాలో ఉన్న వైన్‌లో ఇది చిటికెడు ఉండటం మామూలే, వాసనను పైకి లేపుతుంది కూడా. గొంతులో మంట పెడితే, ముప్పై నిమిషాల తర్వాత కూడా అదే ముందుంటే దోషం.

బెల్లం పాకం, ఉడికిన పండు. ఎండదెబ్బ. నోట్లో చప్పగా, బరువుగా ఉంటుంది.

కోసి వదిలేసిన యాపిల్. ఇదే అందరినీ తికమక పెడుతుంది, ఎందుకంటే కొంచెం ఉండటం ఈ వైన్ తీరే. ఇక్కడ ముక్కును వదిలి నాలుకను నమ్మండి. గుక్క మింగాక నోట్లో నీళ్లూరుతున్నాయా? దవడల పక్కన పులుపు జివ్వున లాగుతోందా? రుచి ఇరవై సెకన్లకు మించి నిలుస్తోందా? మూడింటికీ అవును అంటే వైన్ బతికే ఉంది, ఆ యాపిల్ వాసన దాని వయసు. పులుపు చచ్చి, మింగిన వెంటనే రుచి ఆగిపోయి, చివర చేదు మాత్రం మిగిలితే ఆ సీసా పని అయిపోయినట్టే.

ఇక మీ కాగితం చూడండి. మొదటి గుక్కలో మూసుకుని ఉండి ముప్పై నిమిషాలకు తేనె, పండు బయటికి వస్తే బాగున్న సీసా. అగ్గిపుల్ల గీసినట్టు గంధకం వాసన మొదట్లో ఉండి పోతే దాన్ని పట్టించుకోవద్దు. మొదట కొంచెం బాగుండి తొంభై నిమిషాలకు పూర్తిగా కూలిపోతే వయసు మీరినది. తర్వాతిసారి అదే పంట సీసాకు గాలి తగ్గించండి.

11. తిండి

ఆ ప్రాంతంలో దీన్ని తెల్ల ఆస్పరాగస్, ఉప్పు వేసి ఎండబెట్టిన కాడ్ చేప, పుట్టగొడుగులు, కాల్చిన కోడి, బాగా ముదిరిన గొర్రెపాల జున్నుతో తీసుకుంటారు. ఇదియాసాబల్ అనే పొగపట్టిన జున్ను దొరికితే దాన్నే ముందు ప్రయత్నించండి.

మన వంటల్లో నెయ్యిలో వేయించిన జీడిపప్పు, కారం తగ్గించిన రొయ్యల వేపుడు, మిరియాల కోడి బాగుంటాయి. చింతపండు పులుసు, గోంగూర, ఆవకాయ పక్కన పెట్టకండి. ఆ పులుపు ముందు వైన్ పులుపు కనిపించదు, పచ్చి కారం ముందు ఓక్ చేదెక్కుతుంది. ఇది వైన్ గొప్పదనం గురించి కాదు, ఆవకాయ బలం గురించి.

12. ఆరోకు వెళ్లే వాళ్లకు

బిల్బావో నగరం నుంచి కారులో సుమారు గంట. పాత బోదేగాలన్నీ రైల్వే స్టేషన్ చుట్టూ, బార్రియో దె లా ఎస్తసియోన్ అనే పేటలో నడిచి తిరిగేంత దూరంలో ఉన్నాయి. లోపెజ్ దె ఎరేదియా, కూనే, లా రియోహా ఆల్తా, మూగా, అన్నీ అక్కడే. ముందుగా బుక్ చేసుకోకుండా వెళ్తే లోపలికి చూడటం కుదరదు. జూన్ 29న ఊరి జనం కొండ మీద ఒకరి మీద ఒకరు వైన్ పోసుకునే పండుగ ఉంటుంది. రుచి చూసే పని మీద వెళ్తే ఆ రోజులు తప్పించండి. కోతలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. చూడటానికి బాగుంటుంది, కానీ మాట్లాడటానికి ఎవరికీ తీరిక ఉండదు.

13. మిగిలిన వైన్

మిగిలినదాన్ని చిన్న సీసాలోకి అంచుదాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. గాలికి అలవాటుపడిన వైన్ కాబట్టి గ్రావోనియా, రెసెర్వా నాలుగైదు రోజులు నిలుస్తాయి. రెండో రోజు ఇంకా బాగుండటం కూడా మామూలే. బాగా పాత గ్రాన్ రెసెర్వాను ఆ రాత్రే ముగించండి. మర్నాడు పోసేటప్పుడు మళ్లీ 12 డిగ్రీలకు రానివ్వాలి, ఫ్రిజ్ నుంచి నేరుగా కాదు. అడుగున పలుకులతో మిగిలిన 50 మిల్లీలీటర్లను వడకట్టి, కోడి వేయించిన మూకుడులో పోసి, మాడు గీకుతూ సగానికి మరిగించండి, చివర కొంచెం వెన్న వేసి దించండి.